ఎవరిదీ కాని నంబరు

గురజాల బస్టాండు వెనక సందులో నరసింహారావు గారి నెట్ సెంటరు ఉంది. ఒక షట్టరు, రెండు కంప్యూటర్లు, మూలుగుతూ కాగితాలు కక్కే జిరాక్స్ మిషను, గోడకొక ఫ్యాను. సిమెంటు లారీ వెళ్ళినప్పుడల్లా సన్నటి తెల్లదుమ్ము ఆ గదిలోకి వచ్చి వాలుతుంది. పొద్దున తుడిచిన కీబోర్డు మధ్యాహ్నానికల్లా పౌడరు రాసుకున్నట్టు ఉంటుంది. అక్కడ ఫారాలు నింపే మెహ్జబీన్ ఆ దుమ్ములో వేళ్ళ గుర్తులు వేస్తూ జనం బతుకుల్ని గళ్ళల్లోకి ఎక్కిస్తూ ఉంటుంది. పేరొక గడి, ఊరొక గడి, పుట్టినరోజొక గడి.

ఆమె తండ్రి నూర్ మొహమ్మద్ గ్యాస్ పొయ్యిలు బాగుచేసేవాడు. మంట నీలంగా ఉంటే పొయ్యి బాగున్నట్టు, పచ్చగా ఎగిరితే లోపల ఎక్కడో అడ్డం పడ్డట్టు అని చెప్పేవాడు. కూతురికి మంటల బదులు అక్షరాలు దక్కాయి. డిగ్రీ చదువుతుండగా ఆయన ఊపిరాడక మంచం పట్టాడు. ఆమె పుస్తకాలు మూసి ఈ కుర్చీలో కూర్చుంది. ఆయన పోయాడు, ఆమెకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. కుర్చీ మాత్రం మారలేదు. భర్త సల్మాన్ దాచేపల్లిలో లారీ మెకానిక్కు. సాయంత్రం గ్రీజు చేతులతో వచ్చి, "ఇవాళ ఎంతమంది బండ్లు కదిలించావు?" అని నవ్వుతాడు. ఫారం కదలడమూ బండి కదలడమూ అతనికి ఒకటే.

ఫారంలో నక్షత్రం గుర్తున్న గడిని ఖాళీగా వదలకూడదు. వదిలితే దాని కింద ఎర్ర అక్షరాలు పుట్టుకొస్తాయి. 'ఈ వివరం తప్పనిసరి.' ఏదో ఒకటి రాయాలి. రాసింది నిజమా కాదా అన్నది ఆ ఫారానికి పట్టదు. రూపం సరిగ్గా ఉంటే చాలు. పిన్‌కోడంటే ఆరంకెలు, ఫోనంటే పదంకెలు, తేదీ అంటే రోజూ నెలా ఏడూ. మొదట్లో ఈ సంగతి మెహ్జబీన్‌కు వింతగా ఉండేది, తర్వాత కొన్నాళ్ళు దిగులుగా. ఆ తర్వాత అదీ ఇదీ లేక, ఫ్యాను చప్పుడులా, చెవికి ఆనడం మానేసింది.

"పుట్టిన తేదీ ఏంది తాతా?"

"తేదీ ఎవరికి తెలుసమ్మాయ్? నాగులేరుకి పెద్ద వరదొచ్చిన నాడు మా అమ్మ అరుగు మీద కనింది నన్ను."

"వరదని రాస్తే ఇది తీసుకోదు తాతా."

"ఎందుకు తీసుకోదంట? ఆ నాడు ఇది ఉందా ఏంది చూడ్డానికి?"

గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. మెహ్జబీన్ కూడా నవ్వి, జనవరి ఒకటి అని కొట్టింది. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. ఆమె చేతుల మీదుగా ఆ చుట్టుపక్కల ముసలివాళ్ళంతా చలికాలపు ఒకే ఒక్క పొద్దున పుట్టారు. వరదలూ, మిరపకోతలూ, వడగండ్ల వానలూ వాళ్ళ వెనకే వచ్చి షట్టరు బయట నిలబడిపోయాయి.

తేదీతో చిక్కు లేదు. చిక్కంతా ఫోన్ నంబరుతో.

"లేనోళ్ళకి పది తొమ్మిదులు కొట్టమ్మా, ఎవడు చూడొచ్చాడు" అని నరసింహారావు గారే నేర్పారు. కొన్నాళ్ళు అది చెల్లింది. తర్వాత సైటు తెలివిమీరింది. అన్నీ ఒకే అంకె అయితే ఒప్పుకోవడం మానేసింది. మిగతా సెంటర్లలో పిల్లలు నోటికొచ్చిన పదంకెలు కొట్టేవారు. మెహ్జబీన్‌కు అది చేత కాలేదు. ఆ పదంకెలకి ఎక్కడో ఒక మనిషి ఉంటాడు కదా, వీళ్ళ కబుర్లన్నీ అతని చెవిలో పడతాయి కదా అనిపించేది. అందుకని తన చిన్న ఫోను నంబరు ఇచ్చింది.

సల్మాన్ తనకు పెద్ద ఫోను కొనిచ్చాక పక్కన పడేసిన మీటల ఫోను అది. సెంటరులో, గోడ గూట్లో ఉండేది. ఎవరెవరి సందేశాలో వచ్చి ఆ గూట్లో పావురంలా కువకువలాడేది. ఫలానా ముసలమ్మ కార్డు మంజూరైంది, ఫలానా తాత దరఖాస్తులో లోపం ఉంది. ఆమె చదివి, సంతకి వచ్చినప్పుడు వాళ్ళకు చెప్పేది. వాళ్ళు జామకాయలో, గుప్పెడు పచ్చిమిరపకాయలో బల్ల మీద పెట్టి వెళ్ళేవారు. తాను చేస్తున్నది మంచిపనే అని ఆమె నమ్మింది. అది మంచిపనే.

రాహేలు అలా వచ్చిన మనిషే. గురజాల అవతల పల్లెలో ఉండేది. మిరపకోతల కాలంలో చేలకి, మిగతా కాలం నాపరాళ్ళ పాలిషు మిషను దగ్గర కూలికి. భర్త లేడు. కొడుకు అంతోని సెంట్రింగ్ పనికి బెంగుళూరు వెళ్ళాడు. ఆరోగ్య కార్డు రాయించుకుందామని ఒక మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది.

"ఫోన్ నంబరు పిన్నీ?"

"నాకేడదమ్మాయ్ ఫోను."

"మీవాడిది?"

"ఆడే చేసేది, పక్కింటోళ్ళకి. నంబరు నాకేం తెలుసు? ఫోనులో మాట్లాడేది ఆడైతే చాలు గదా."

నక్షత్రం గుర్తు గడి ఖాళీగా, కన్ను ఆర్పకుండా చూస్తోంది. మెహ్జబీన్ తన చిన్న ఫోను నంబరు కొట్టింది. కార్డు వచ్చింది. రాహేలు దాన్ని కొంగులో ముడేసుకుని, "నీ చెయ్యి చల్లన" అని ఆమె గడ్డం పట్టుకుని వెళ్ళింది.

ఆ తర్వాత రీఛార్జీలు పెరిగాయి. ఒక్కో ఇంట్లో రెండేసి సిమ్ములు మోయడం కష్టమైంది. "దానికి ఎవరు ఫోన్ చేస్తారే? మెసేజిలు తప్ప మనిషి గొంతు వినిపించిందా ఎప్పుడన్నా?" అన్నాడు సల్మాన్. నిజమే, వినిపించలేదు. చిన్న ఫోను గూట్లోనే కువకువలు మాని నిద్రపోయింది. సెంటరు తలుపు మీద నరసింహారావు గారు 'ఫోను లేనివారు రావద్దు' అని అట్టముక్క కట్టారు. గుర్తున్నవాళ్ళకి మెహ్జబీన్ కబురుచేసి వేలిముద్రలతో నంబర్లు మార్పించింది. గుర్తులేని వాళ్ళు గుర్తులేరు. కంపెనీ వాళ్ళు కొన్నాళ్ళు చూసి ఆ నంబరును ఇంకెవరికో ఇచ్చేశారు. నంబర్లకు మైలపడడం ఉండదు. ఒకరు వదిలిన వెంటనే ఇంకొకరి జేబులో మోగుతాయి.

ఈ ఎండాకాలం రాహేలు మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమెను అంతోని దాదాపు ఎత్తుకున్నట్టే పట్టుకుని తెచ్చాడు. ముఖం ఉబ్బి, కళ్ళు ఆ వాపులో మునిగి ఉన్నాయి. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

"కిడ్నీలు పోయినయ్యంట అక్కా" అన్నాడు అంతోని. "నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వారానికి రెండుసార్లు రక్తం కడుగుతన్నారు. కార్డు మీదే. ఇప్పుడు కార్డు గడువైపోయిందంట, ఆన్‌లైన్లో మళ్ళీ రెన్యువల్ చేయించాలంట. చేయిస్తేనే మిషనెక్కిస్తామన్నారు."

"దానికేముంది, రెండు నిమిషాల పని" అంది మెహ్జబీన్. రాహేలుకు తన కుర్చీ ఇచ్చి, తాను నిలబడి కొట్టింది.

కార్డు నంబరు కొట్టగానే తెర మీద ఒక వరస వచ్చింది. 'మీ మొబైల్‌కు ఓటీపీ పంపాము.' దాని పక్కన ఆరు నక్షత్రాలు, తర్వాత నాలుగు అంకెలు. ఆ నాలుగంకెలను ఆమె ఒకప్పుడు ఎన్ని వందలసార్లు కొట్టిందో. చచ్చిపోయిన వాళ్ళ గొంతు రేడియోలో విన్నట్టయింది.

"ఏందక్కా?"

"ఏం లేదు, ఆగు."

ఓటీపీ బదులు వేలిముద్ర చాలునేమోనని మిషను తీసి రాహేలు వేళ్ళు ఒక్కొక్కటే పెట్టి చూసింది. పాలిషు మిషను దగ్గర రాళ్ళను నున్నగా చేసి చేసి ఆ వేళ్ళు కూడా రాళ్ళలాగే నున్నబడ్డాయి. అద్దం మీద ఎర్రలైటు వెలగడం, ఆరడం. తడిగుడ్డతో తుడిచి చూసింది, నూనె రాసి చూసింది. ఒక్క ముద్రా పడలేదు. నంబరు మార్చుకునే పేజీ తెరిచింది. కొత్త నంబరు అడిగింది, ఇచ్చింది. వెంటనే ఇంకో గడి తెరుచుకుంది. 'పాత నంబరుకు వచ్చిన ఓటీపీ ఇవ్వండి.' ఆ గడి పైన నక్షత్రం.

అప్పుడు చెప్పింది మెహ్జబీన్, తెర వైపే చూస్తూ. అంతోనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది.

"నీ నంబరు కొట్టావా? మా అమ్మకి నీ నంబరెందుకు కొట్టావక్కా?"

"ఏదో ఒకటి కొట్టకపోతే కార్డు రాదురా ఆ రోజు."

"కొట్టావు పో. ఉంచుకోవాలిగా మరి? పారేసుకునేదానివి ఎందుకు కొట్టావు?"

"ఒరేయ్, ఆ పిల్ల మీద అరవమాక" అంది రాహేలు, కళ్ళు తెరవకుండా.

మెహ్జబీన్ తన పాత నంబరుకు తానే ఫోన్ చేసింది. ఎంతోమంది ముసలివాళ్ళ పేరుతో ఉన్న ఆ నంబరు రింగయింది. ఆడగొంతు పలికింది.

"హలో, ఎవరు?"

"అమ్మా, నా పేరు మెహ్జబీన్. గురజాల నుంచి మాట్లాడతన్నా. మీ ఫోనుకి ఇందాక ఒక మెసేజి వచ్చుంటది. అందులో ఆరంకెలు..."

"ఓటీపీనా?"

"అవునమ్మా, అదే."

"పెట్టెయ్ ఫోను. సిగ్గులేదా మీకు? ఒక్కసారి చెప్పిన నేను గిట్లనే. మా చిట్టీ పైసలన్నీ ఊడ్చుకపోయిండ్రు. మళ్ళ వచ్చిండ్రా?"

పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని, చెబితే మోసపోతారని హెచ్చరించే గొంతు ప్రతిసారీ రింగుకు ముందు మెహ్జబీన్ చెవిలోనే పలికింది. ఆ ముక్క ఆమే ఎంతమందికి చెప్పలేదు? ఇదే బల్ల దగ్గర, అందరికీ, ప్రాణం పోయినా చెప్పొద్దని. ఆ మాట ఇంత దూరం వెళ్ళి, ఆ యాసను బట్టి చూస్తే కృష్ణ దాటి, ఒక మనిషి గుండెలో ఇంత గట్టిగా పాతుకుందని ఇప్పుడు తెలుస్తోంది.

సాయంత్రం ఆమే ఎత్తింది. ఈసారి మెహ్జబీన్ ఓటీపీ మాట ఎత్తకుండా రాహేలు గురించి చెప్పింది. కాళ్ళ వాపు గురించి, నున్నబడ్డ వేళ్ళ గురించి, తన చిన్న ఫోను గురించి. అవతల పోపు చిటపటలాడే చప్పుడు.

"నా పేరు భార్గవి" అందామె చివరికి. "నిజమో అబద్ధమో నాకేం తెలుస్తది ఫోన్ల? మిర్యాలగూడల రైసు మిల్లు గేటు కాడ టిఫిన్ బండి నాది. ఆ ముసలమ్మను తోల్కొనిరా. ముఖం జూసి చెప్త. రేపు మిల్లు బందు, ఎల్లుండి రా పొద్దున."

"వస్తానమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళెందుకు? ముఖం చూపించుండ్రి చాలు."

రాత్రి మెహ్జబీన్ ఆ మాటనే తలుచుకుంది. ఇన్నేళ్ళలో ఏ గడీ ముఖం చూపించమని అడగలేదు. పాస్‌పోర్టు సైజు ఫోటో అడుగుతుంది, ఇన్ని కేబీల లోపు ఉండాలంటుంది, కానీ చూడదు. ఎక్కడో ఒక మనిషి చూస్తానంది. అదే పెద్ద వెలుగులా తోచింది.

మర్నాడు రాహేలుకు ఆసుపత్రి రోజు. కార్డు లేకపోతే కాదన్నారు. మెహ్జబీన్ చేతి బంగారు గాజులు తీసి ఇస్తే ఆ ఒక్కసారికి మిషనెక్కించారు. మరోసారికి తీయడానికి ఆమె చేతులకు ఏమీ లేవు.

ఆ తర్వాతి రోజు తెల్లవారుతూనే అంతోని ఆటో మాట్లాడాడు. రాహేలును వెనక సీట్లో పడుకోబెట్టి, తల మెహ్జబీన్ ఒళ్ళో పెట్టాడు. తాను ముందు కూర్చున్నాడు. ఎందుకో ఆ పొద్దున అతను ఎవరివైపూ సూటిగా చూడలేదు. దాచేపల్లి దాటాక సిమెంటు దుమ్ము పట్టిన చెట్లు రెండువైపులా బూడిద పూసుకున్న సన్యాసుల్లా నిలబడ్డాయి. పొందుగల వంతెన మీద నుంచి చూస్తే కృష్ణ ఎండి, రాళ్ళు ఎముకల్లా బయటపడి ఉన్నాయి. మధ్యలో ఒక సన్నటి పాయ, అదీ కదలకుండా. మెహ్జబీన్ భార్గవికి ఫోన్ చేసింది. స్విచాఫ్. బండి దగ్గర పనిలో ఉండి చార్జింగు అయిపోయిందేమో అనుకుంది.

మిల్లు గేటు దగ్గర ఊక వాసన. బండి మీద ఇడ్లీపాత్ర ఆవిరి. దాని వెనక ఒక బక్కపలచటి మనిషి, చీర నడుముకు బిగించి, ప్లేట్లు కడుగుతోంది. ఆటోను చూడగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

"గురజాలోళ్ళా?"

"అవునమ్మా. నేనే మెహ్జబీన్‌ని. ఈమే."

భార్గవి తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆటోలోకి వంగింది. రాహేలు ముఖాన్ని చాలాసేపు చూసింది. చేతి మీద సూదులు గుచ్చి గుచ్చి తేలిన నరాన్ని వేలితో ముట్టింది. ఆ నరం లోపల తూనీగ రెక్కలా ఏదో కొట్టుకుంటోంది. భార్గవి కళ్ళు నిండాయి.

"నిజమే" అంది. "నిజమేనమ్మా. అయ్యో, ఏం చేస్తి నేను."

"ఏమయిందమ్మా?"

"మొన్న పొద్దుమూకినంక ఇంకో ఫోనొచ్చింది, మొగగొంతు. తాగి ఉన్నడు. 'నేను పల్నాడోణ్ణి, నంబరు చెప్తవా, ఇంటికొచ్చి నరకమంటవా?' అన్నడు. మళ్ళ మళ్ళ చేసిండు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇంట్ల మొగదిక్కు లేదు. మీరిద్దరు ఒక్కటే ముఠా అనుకున్న. ఎక్కడుంటనో కూడా చెప్తి గద నీకు. భయమైంది. సిమ్ము తీసి, ఇరగ్గొట్టి, మోరీల పారేసిన."

మెహ్జబీన్ తల తిప్పింది. అంతోని ఆటో వెనకకు వెళ్ళి, టైరు పక్కన గొంతుకూర్చున్నాడు. ఎవరూ అడగకుండానే చెప్పాడు.

"బెదిరిస్తే చెప్పిద్దనుకున్నా అక్కా. నీ ఫోనులో చూసి నంబరు ఎక్కించుకున్నా. మావైపు గట్టిగా అడిగితేనే గదా ఏదన్నా ఇచ్చేది ఎవరైనా." చేతుల్లో తల పెట్టుకున్నాడు. "ఎల్లుండి రమ్మందని నాకు అప్పుడు తెలవదు."

చెప్పి ఉండాల్సింది. ఆ సాయంత్రం అంతోని కోపంగా ఉన్నాడని, పొద్దున చెబుదాంలే అని మెహ్జబీన్ ఊరుకుంది.

"పోయిన సిమ్ము మళ్ళ ఇస్తరు" అంది భార్గవి, ఒక్కసారిగా గుర్తొచ్చినట్టు. "అదే నంబరిస్తరు. నడువుండ్రి, నేనొస్త." ఇడ్లీపాత్ర కింద మంట ఆర్పి, బండిని అలాగే వదిలి, ఆటో ఎక్కింది.

సిమ్ముల షాపులో ఏసీ చల్లగా ఉంది. షాపతను నంబరు కొట్టి, భార్గవి ఆధార్ కొట్టి, వేలు పెట్టమన్నాడు. ఆమె వేలి గీతలు చక్కగా పడ్డాయి. మెహ్జబీన్ తెర అంచు వైపు చూసింది. ఎర్రగా ఒక వరస. ఎన్ని వేలసార్లు చూసిందో ఆ ఎరుపును.

"ఈ నంబరు మీ పేరు మీద లేదమ్మా" అన్నాడతను. "ఎవరో మగాయన పేరు ఉంది. ఆయన వచ్చి వేలు పెట్టాలె."

"నాదే భయ్యా. రెండేండ్ల సంది నేనే వాడుతున్న."

"ఎక్కడ కొన్నరు?"

"బస్టాండు కాడ. గొడుగు కింద అమ్ముతుంటిరి, ఊరికే ఇచ్చిండ్రు."

అతను పెదవి విరిచాడు. గొడుగు కిందివాళ్ళు తమకు దొరికిన వేలిముద్ర మీద సిమ్ములు తెరిచి, వచ్చినవాళ్ళకి పంచి, ఎండ తగ్గాక గొడుగు మడిచి వెళ్ళిపోతారు. ఆ మగాయన ఎక్కడివాడో, తన పేరు మీద ఒక నంబరు ఉందని అతనికైనా తెలుసో లేదో. ఆ పదంకెలు రాహేలువి కావు, మెహ్జబీన్‌వి కావు, భార్గవివి కూడా కావు. అన్ని ఫారాలూ వాటిని సరైనవని ఒప్పుకున్నాయి.

తిరిగి మిల్లు గేటు దగ్గర భార్గవి ఆటో దిగింది. పొట్లం కట్టిన ఇడ్లీలు రాహేలు చేతిలో పెట్టింది. "నన్ను తిట్టుకోకు పెద్దమ్మా" అంది. రాహేలు ఆమె చేతిని ఉబ్బిన తన రెండు చేతుల మధ్య కాసేపు ఉంచుకుంది.

తిరుగు ప్రయాణంలో ఎండ ముదిరింది. వంతెన దాటాక రాహేలు నోరు విప్పింది.

"అమ్మాయ్, ఆ రోజు నాకు ఫోను లేదని రాయగూడదంటనా?"

"రాయడానికి చోటు లేదు పిన్నీ. నంబరే రాయాలి అందులో."

"లేకపోతే లేదని రాసుకోవాలిగా మరి. లేనోళ్ళం చానామందిమి ఉన్నాంగా."

రాహేలు కోపంగా అడగలేదు. కూలి దగ్గర మేస్త్రీని పని వేళలు అడిగినట్టు మామూలుగా అడిగింది. ఆ మామూలుతనం మెహ్జబీన్ గుండెలో ముల్లులా దిగి అక్కడే విరిగింది. ఆ ఫారాన్ని ఎవరు రాశారో ఆమెకు తెలియదు. ఎక్కడో చల్లటి గదిలో కూర్చున్న వాళ్ళు అయి ఉంటారు. మనిషన్నాక ఫోనుంటుందని వాళ్ళు అనుకుని ఉంటారు. వాళ్ళను ఆమె తిట్టుకోలేకపోయింది. లేదు అన్న మాటను తుడిచి, ఆ చోట ఉన్నట్టుగా అంకెలు పేర్చింది వాళ్ళు కాదు. ఆమె పేర్చకపోయి ఉంటే గళ్ళన్నీ ఎర్రగా మిగిలి, ఇంతమంది ఉన్నారా అని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అనుకునేవారేమో. అందరికీ ఫోన్లు ఉన్నట్టు చూపించింది ఆమే. ఆమెలాంటి వాళ్ళే, ఊరూరా, జాలి పడి.

మర్నాడు జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసుకు వెళ్ళింది. బల్ల వెనక మనిషి మంచివాడే. అంతా విని, మంచినీళ్ళు ఇప్పించి, ఆమె రాసుకొచ్చిన అర్జీ చదివాడు. తన కంప్యూటర్లోనే నంబరు మార్చబోయాడు. అదే గడి వచ్చింది.

"నాకు కూడా అదే అడుగుతోందమ్మా" అన్నాడు, తన చేతుల్లో ఏదీ లేదని చూపిస్తున్నట్టు అరచేతులు తెరిచి. "పైకి పంపిస్తాను. వాళ్ళు వెనక నుంచి మార్చాలి."

"ఎన్నాళ్ళు పట్టిద్ది సార్?"

"చెప్పలేనమ్మా."

"ఆమెకు అన్నాళ్ళు లేవు సార్."

అతను కాగితం మీద ఎర్ర సిరాతో 'అత్యవసరం' అని రాసి గీత గీశాడు. మెహ్జబీన్ ఆ గీతను చూసి, దండం పెట్టి, వచ్చేసింది.

మరుసటి ఆసుపత్రి రోజు వచ్చింది, దాటిపోయింది. సర్కారు దవాఖానాలో మిషన్లన్నీ నిండి ఉన్నాయి, పేరు రాసుకుని పిలుస్తామన్నారు. అంతోని తెలిసిన ప్రతి గుమ్మం ఎక్కాడు. తాగడం మానేశాడు. తల్లి మంచం పక్కన కూర్చుని, పాత నంబరుకు ఊరికే ఫోన్ చేస్తుండేవాడు. 'మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు.' తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. మళ్ళీ చేసేవాడు.

మెహ్జబీన్ సెంటరు మూసి ఆ పల్లెకు వెళ్ళిన మధ్యాహ్నం వడగాలి రేకుల మీద ఇసుక పోసినట్టు చప్పుడు చేస్తోంది. రాహేలును మంచం మీద దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. ఛాతీ లోపల నీళ్ళు గులకరాళ్ళ మీద పారుతున్నట్టు ప్రతి శ్వాసా గలగలమంటోంది. పెదాలు పగిలి బీటలు వారాయి.

"వచ్చావా నా తల్లీ" అంది. "కూసో."

మెహ్జబీన్ మంచం పట్టె మీద కూర్చుంది. పైకి పంపిన అర్జీ కదల్లేదని చెప్పడానికి నోరు రాలేదు. రాహేలు కూడా అడగలేదు.

"దాహం" అంది.

అంతోని లేచి, గూట్లోంచి చిన్న టీగ్లాసు తీశాడు. ఈ జబ్బు మనిషికి నీళ్ళు విషమని, లోపలికి పోయింది బయటికి రాదని, పొద్దంతా ఆ గ్లాసుతో ఇన్నే పోయమని డాక్టరు కొలిచి చెప్పారు. నెలల తరబడి ఆ ఇంట్లో నీళ్ళు మందులాగే కొలిచి పోశారు. అతను గ్లాసును సగానికి నింపి తెచ్చాడు.

రాహేలు దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. "ఇంకా కొలతేందిరా అయ్యా."

"డాక్టరు చెప్పాడుగామ్మా."

"ఏ డాక్టరు? చూస్తన్న డాక్టరా?" ఆగి, ఊపిరి తెచ్చుకుంది. "కడుపునిండా తాగాలని ఉంది. ఎండ చానా ఉంది."

అంతోని గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత మెహ్జబీన్ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. బెంగుళూరు నుంచి బస్టాండులో దిగి, ఇల్లెటో మరిచిపోయిన మనిషి చూపు అది.

మెహ్జబీన్ లేచింది. మూలన తడిగుడ్డ చుట్టిన కుండ మూత తీసి, చెంబు నిండా ముంచింది. చల్లటి మట్టివాసన లేచింది. వచ్చి, రాహేలు తల వెనక ఒక చెయ్యి వేసి, చెంబును పెదాలకు ఆనించింది. రాహేలు రెండు చేతులతో ఆ చెంబును పట్టుకుంది. గుటక వెంట గుటక, గొంతు కదలడం మెహ్జబీన్ అరచేతికి తెలుస్తోంది. నీళ్ళు గడ్డం మీదుగా కారి మెడలోని శిలువ దారాన్ని తడిపాయి. ఆమె ఆగలేదు. కళ్ళు మూసుకుని, చిన్నపిల్లలా, చెంబు అడుగు దాకా తాగింది.

"ఇంకా" అంది.

అంతోని గోడ వైపు తిరిగాడు. మెహ్జబీన్ చెంబు తీసుకుని మళ్ళీ కుండ దగ్గరికి వెళ్ళింది.